మూడ్ గారూ, అమీర్‌పేట్‌లోనే ఎందుకండీ?

మహారాజశ్రీ కథ రాసే మూడ్ గారి దివ్య సముఖానికి మలక్‌పేట నుంచి ఒక కథకురాలు (కథ రాసి ఎన్నాళ్ళయిందో అడక్కండి, బిరుదు మాత్రం వదల్లేదు) నమస్కరించి రాసుకున్నది. ఉభయకుశలోపరి అని మొదలుపెట్టాలి కానీ మీరెక్కడ ఊరేగుతున్నారో నాకు తెలీదు, నేనైతే క్షేమంగా లేను.

మొన్న రెండో శనివారం పిల్లల్ని వాళ్ళ నాన్నతో సహా వనస్థలిపురం మా అత్తగారింటికి తోలేసి, ఫోన్ బియ్యం డబ్బాలో పడేసి, టీ పెట్టుకుని, మధ్యాహ్నం మొత్తం మీ పేరున రాసిచ్చేశాను. కొత్త పేజీ మీద 1 అని వేశా. కాసేపాగి దాన్ని ఇంకొంచెం లావు చేశా. కింద గీత, పైన టోపీ, అలా దిద్దీ దిద్దీ కాగితం చిరిగి కింది పేజీలో కూడా ఒకటి పడింది, ఆ లెక్కన రెండు పేజీలు మొదలెట్టినట్టే. తర్వాత లేచి పాత టూత్‌బ్రష్‌తో ఫ్రిజ్ తలుపు రబ్బరు మడతల్లో నల్లగా పేరుకున్నదంతా తోమేశాను. పైపోర్షన్ వాళ్ళ డ్రిల్లింగ్ వచ్చింది, వాటర్ ట్యాంకర్ వచ్చింది, సాయంత్రమయింది, తమరు మాత్రం రాలేదు.

సోమవారం పొద్దున అమీర్‌పేట్‌లో రాయదుర్గం మెట్రో రైలు కోసం మారుతున్నాను. ఒక చేతిలో లంచ్ బ్యాగు, ఇంకో చేతిలో గొడుగు, వెన్నులో ఎవరిదో ల్యాప్‌టాప్ బ్యాగు, కాళ్ళు నావే కానీ నడిపించేది జనం. అప్పుడు వేంచేశారండీ! ఒట్టి చేతుల్తో కూడా కాదు, ఒక ముసలావిడని వెంటబెట్టుకుని మరీ. ఆవిడ చచ్చిపోయిన మొగుడి కళ్ళజోడు పెట్టుకుని, గుమ్మంలో కూర్చుని, కరెంట్ బిల్లు బయటికి చదువుతోంది. గొంతు వినిపిస్తోంది, కోడలు లోపల్నుంచి ఏమంటుందో కూడా తెలిసిపోతోంది. ఎలాగో రైల్లోకి ఇరుక్కుని ఫోన్ బయటికి లాగి వాయిస్ టైపింగ్‌లో గుసగుసగా "ముసలావిడ కళ్ళజోడు" అన్నాను. అది "మసాలా వడ కల్లు జోడు" అని రాసుకుంది. పక్కనున్న అబ్బాయి నన్నూ ఫోన్‌నీ మార్చి మార్చి చూశాడు. రాయదుర్గంలో దిగేసరికి గొంతు పోయింది, కోడలు పోయింది, కళ్ళజోడొక్కటే మిగిలింది. మీరు మాదాపూర్‌లోనే దిగిపోయినట్టున్నారు.

అయినా మీ డిమాండ్లు ఈనాటివా? అలజడి లేని చోటు, ప్రియమైన దూతిక తెచ్చిచ్చే కప్పురవిడెం, మనసుకి నచ్చిన భోజనం, ఊయల మంచం ఇవన్నీ కావాలి, ఊరికే రాసెయ్యమంటే కుదిరే పనేనా అని పెద్దన గారి పేరున చాటువే ఉంది. రాయలవారి కొలువు కాబట్టి ఆయనకి చెల్లింది. మా ఇంట్లో ఊయల మంచం ప్లేసులో ఈఎమ్ఐ నడుస్తున్న సోఫా ఉంది, దూతిక మా అమ్మాయే, రాత్రి పదింటికి వచ్చి రేపటికి చార్ట్ పేపర్ కావాలంటుంది. పోతన గారు పద్యం మధ్యలో ఆగిపోయి లేచి వెళ్తే ఆయన రూపంలో రాముడే వచ్చి పూర్తిచేశాడని కదా కథ, బమ్మెర ఇక్కడికి ఎంత దూరం, జనగామ జిల్లాయే. ట్యాంక్‌బండ్ మీద ఆయన విగ్రహం పక్కన కూర్చుని కూడా చూశాను. బఠాణీలబ్బాయి వచ్చాడు. జూబ్లీహిల్స్ కాఫీ షాపుల్లో ఉంటారనీ అన్నారు, అక్కడ బిల్లు చూశాక ఉన్న మూడ్ కూడా పోతుంది.

అన్నిటికంటే మండేది ఏంటంటే మీరు కొట్టేస్తున్న క్రెడిట్. ఫ్రాన్స్‌లో పాయింకేర్ అనే లెక్కల మహానుభావుడికి బస్సు మెట్టు మీద కాలు పెట్టగానే సమాధానం తట్టిందట, అందరూ ఆ మెట్టు గురించే చెప్పుకుంటారు. అంతకుముందు ఆయన రోజుల తరబడి బల్ల దగ్గర బుర్ర బద్దలుకొట్టుకున్నది ఎవడికీ పట్టదు. గ్రాహం వాలస్ అనే ఆయన 1926లోనే కొత్త ఆలోచన పుట్టడాన్ని నాలుగు దశలుగా విడగొట్టి చెప్పాడు: ముందు తంటాలు పడటం, తర్వాత వదిలేసి పొదగనివ్వడం, అప్పుడు మెరుపు, ఆఖర్న సరిచూసుకోవడం. ఇందులో నీ వాటా ఎంతసేపు? ఒక్క మెరుపు! మిగతా మూడూ నేనే చేసుకుంటున్నా కదా! ఆ ముసలావిడ నువ్వు తెచ్చిన సరుకా? శనివారం కాగితం చిరిగేదాకా కూర్చుంది ఎవరు, నువ్వా? ఫ్రిజ్ రబ్బరు తోముతున్నప్పుడు ఆవిడ లోపలెక్కడో తయారవుతూనే ఉంది, నువ్వు అమీర్‌పేట్‌లో చెయ్యి పట్టుకుని తీసుకొచ్చినట్టు ఫోజు కొట్టి, మళ్ళీ లాక్కుపోయావు. దొంగమొహమా.

ట్రాలప్ అని ఇంగ్లీషు నవలాకారుడు, పోస్టాఫీసు ఉద్యోగి. పొద్దున అయిదున్నరకి బల్ల ముందు కూర్చుని, గడియారం ఎదురుగా పెట్టుకుని పావుగంటకి 250 పదాల చొప్పున లాగించి, ఆ తర్వాతే డ్యూటీ సంగతి చూసేవాడు. నిన్ను పిలిచినట్టు ఎక్కడా లేదు. కాకపోతే కాఫీ తెచ్చి లేపడానికి పనివాడికి ఏడాదికి 5 పౌండ్లు ఎక్స్‌ట్రా ఇచ్చేవాడట, మా ఇంట్లో ఆ పనివాడిని కూడా నేనే, అది వేరే గొడవ.

కాబట్టి తెలియజేసుకునేది ఏమంటే, రేపట్నుంచి మలక్‌పేటలో ఎక్కింది మొదలు అమీర్‌పేట్ దాకా, సీటు దొరికినా దొరక్కపోయినా, చెత్తయినా సరే నాలుగు లైన్లు రాస్తాను. పొట్టి పెన్సిల్ ఒకటి లంచ్ బ్యాగు జిప్పుకి దారంతో కట్టేశా. నువ్వొస్తే రా, రాకపోతే పో, నీకోసం పిల్లల్ని వనస్థలిపురం పంపేది మాత్రం లేదు.

ఒక్కటి మాత్రం అడుగుతా, సిగ్గు విడిచి. ఆ ముసలావిడ బిల్లు చదువుతూ ఒక చోట ఆగి కళ్ళజోడు సర్దుకుంది చూడు, సరిగ్గా అక్కడే నన్ను సెక్యూరిటీ అతను "మేడమ్, ముందుకు జరగండి" అన్నాడు. బిల్లు ఎంతొచ్చిందో ఆ అంకె ఒక్కటీ చెప్పి పో, మిగతా కథ నేను చూసుకుంటా.