ఒకటో నంబరు బ్యాటరీకి, కాటా ఎక్కే ముందు

ఒకటో నంబరూ,

రేపు పొద్దున పాత బ్యాటరీలు కొనే ఆటో వస్తోంది. నిన్ను కాటాలో పెట్టి కిలోకింత అని సీసం లెక్క కట్టి తీసుకెళ్తారట. ఎటూ పోతున్నావు కదా అని రాస్తున్నా. కోపం ఉంటే ఇక్కడే తీర్చుకో, వాళ్ల ఆటోలో మాత్రం యాసిడ్ ఒలకబోయకు.

ఆర్నెల్లుగా నిన్ను తిట్టని రోజు లేదు. మీరు నలుగురూ ఒకే కంపెనీ, ఒకే నెల తయారీ, తలా 12 వోల్టులు, తలా 150 ఆంపియర్ అవర్లు, ఒకే రోజు మా మెట్ల కిందికి చేరారు. మిగతా మూడూ నిక్షేపంగా ఉంటే నువ్వొక్కదానివే డిస్టిల్డ్ వాటర్ క్యాన్లు ఖాళీ చేస్తావు, నీ టెర్మినళ్లకే చిలుము పడుతుంది, చెయ్యి పెడితే నీ ఒళ్లే కాలుతుంది. ఎండంతా సోలార్ ప్యానెళ్లు తాగి వచ్చినా రాత్రి ఎనిమిదిన్నరకల్లా ఇన్వర్టర్ కీచుమంటుంది. తేడా పీసు అంటగట్టాడని షాపాయన్ని కూడా నాలుగు అన్నాను. పాపం, ఆయనా ఏమీ ఎదురు చెప్పలేదు, నీలాగే.

మొన్న హిందూపురం నుంచి మెకానిక్కు వచ్చాడు. ఫ్యాన్లు, ఫ్రిజ్, మిక్సీ అన్నీ వేయమని క్లాంప్ మీటర్ (వైరుని కరిచి పట్టుకుని కరెంటు కొలిచేది) తీసి ఒక్కో బ్యాటరీ దగ్గర పెట్టాడు. మొత్తం 80 ఆంపియర్లు లాగుతుంటే అందులో నువ్వు 34, రెండోది 20, మూడోది 14, ఆ మూలనున్న నాలుగోది 12. నా వైపు చూసి "దీని వైరింగ్ ఎవరు చేశారండీ?" అన్నాడు. మా బావమరిది చేశాడు. టార్చి లైటు పట్టుకున్నది నేను.

ఆ రోజు ఏం జరిగిందో నీకూ గుర్తుండే ఉంటుంది. మీ నలుగురి ప్లస్సులూ ఒక వరసలో, మైనస్సులూ ఒక వరసలో లింకు వైర్లతో కలిపాం, ప్యారలల్ అంటే అంతే అనుకున్నాం. తర్వాత ఇన్వర్టర్‌కి పోయే లావు వైర్లు రెండూ, దగ్గరగా ఉన్నావు కదా అని, నీకే బిగించాం. రెండు మీటర్ల రాగి వైరు మిగిలింది. మేం ఎంత తెలివిగా మిగిల్చామో అని టీ తాగుతూ ఒకరినొకరు మెచ్చుకున్నాం కూడా.

మెకానిక్కు సుద్దముక్కతో గచ్చు మీదే గీసి చూపించాడు. నీ దగ్గర్నుంచి ఇన్వర్టర్‌కి వెళ్లాలంటే కరెంటుకి ఒక్క లింకు వైరు కూడా అడ్డం లేదు. నాలుగోదాని నుంచి రావాలంటే ప్లస్ వైపు మూడు, మైనస్ వైపు మూడు, ఆరు లింకులు దాటాలి. లింకు వైరు అడ్డు పిసరంతే, కానీ బ్యాటరీ లోపలి అడ్డు కూడా పిసరే కాబట్టి ఆ తేడాకే కొంప మునుగుతుంది. ఇచ్చేటప్పుడే కాదు, చార్జింగ్ పుచ్చుకునేటప్పుడూ అదే వరస. అంటే ఉమ్మడి కుటుంబంలో పెద్దకోడలివి నువ్వు. వంటింటి గుమ్మానికి దగ్గరగా కూర్చున్నందుకు ఊడిగమంతా నీ నెత్తినే పడింది, వెనక గదిలో ఉన్న చిన్నకోడలికి నడుము నొప్పి కూడా తెలియలేదు, పైగా "పెద్దది మరీ నీళ్లెక్కువ తాగుతుంది" అని పేరొకటి.

మందు ఏమిటయ్యా అంటే, ప్లస్ వైరు నీ దగ్గరే ఉంచి మైనస్ వైరుని నాలుగోదానికి మార్చడం. అంతే! అప్పుడు ఎవరి దారిలో లెక్కపెట్టినా మూడేసి లింకులే, భారం దాదాపు సమానం.

"అసలు 12 వోల్టుల మీద ఇంత లోడు పెట్టడమే తప్పు, నాలుగింటినీ సిరీస్‌లో, అంటే ఒకదాని ప్లస్సు పక్కదాని మైనస్సుకి కలిపి, 48 వోల్టుల ఇన్వర్టర్ కొనుంటే 80 ఆంపియర్ల పని 20లో అయ్యేది, అదే వైరులో వేడి పదహారో వంతుకి దిగేది" అని కూడా అన్నాడు. సిరీస్‌లో అందరి గుండా ఒకే కరెంటు పోతుంది, ఎగవేతలుండవు. కాకపోతే ఒకటి మంచం పడితే నలుగురూ పడతారు. ఆ ముక్క విని మా ఆవిడ మా అన్నదమ్ముల పేర్లెత్తింది. అది మనకొద్దు.

ఫ్యూజు ఏదని కూడా అడిగాడు. లేదు. స్విచ్చు ఉంది కదా అని చూపిస్తే అది ఏసీ ఎమ్‌సీబీ, అంటే ఇంటి లైను కరెంటుకి పెట్టే స్విచ్చు అన్నాడు. ఏసీ సెకనుకి వందసార్లు సున్నాకి వస్తుంది కాబట్టి స్విచ్చు తెరిచినప్పుడు లేచే నిప్పు దానంతటదే తెగుతుందట, బ్యాటరీలో ఉండే డీసీ అలా కాదు, పట్టిందంటే వదలదు, దానికి వేరే స్విచ్చు ఉంటుంది. బిగించేరోజు మా బావమరిది పానా జారి నీ రెండు టెర్మినళ్ల మధ్య పడి అతుక్కుపోయినప్పుడే నువ్వు చెప్పాలని చూశావు. మేం దాన్ని దిష్టి అనుకుని నీకు నిమ్మకాయ కట్టాం.

పక్కింటాయన మాత్రం ఇంటి కప్పు సోలార్‌కి కేంద్రం ఇచ్చే సూర్యఘర్ సబ్సిడీ 78,000 తీసుకుని, బ్యాటరీల గోలే లేకుండా ప్యానెళ్లు పెట్టించుకుని నన్ను చూసి నవ్వేవాడు. లైను కరెంటు పోగానే ఆ ఇన్వర్టర్ కూడా ఆగిపోతుందని (స్తంభమెక్కిన లైన్‌మెన్‌కి షాకు కొట్టకూడదు కదా) ఆయనకి మొన్నటి గాలివానకి తెలిసింది. ఆ రాత్రి వాళ్లంతా మా ఇంట్లోనే భోంచేశారు. ఆ ఫ్యాను గాలి కూడా ఎక్కువ భాగం నీదే.

నీ చోట కొత్తదాన్ని పెట్టనన్నాడు మెకానిక్కు, అరిగిన వాటి పక్కన కొత్తదాన్ని కలిపితే పాతవి దాన్నీ తమ దారికి తెచ్చుకుంటాయట. కాబట్టి ఇక మూడే. నీ సీట్లో రెండో నంబరుని కూర్చోబెట్టాం. దానికి ఈ ఉత్తరం చూపించకు.

మైనస్ వైరు అటు చివరికి అందాలంటే సరిగ్గా రెండు మీటర్లు కావాలన్నాడు. అప్పుడు మిగిలిన ముక్క ఇంట్లోనే ఉంది. మా ఆవిడ దాన్ని పెరట్లో రెండు మేకులకి చుట్టి తువ్వాళ్లు ఆరేసుకుంటోంది. నిన్న విప్పి ఇచ్చింది. విప్పుతూ, "ఇప్పుడు తువ్వాళ్లెక్కడ ఆరేయాలి?" అని అడిగింది.

ఇట్లు,
టార్చి పట్టుకున్నవాడు