గురువుగారి వృద్ధాప్యం, మార్కెట్ ఒడిదొడుకులకు లోబడి

ఉద్యోగి జీతంలోంచి కోసిన వాటాను మార్కెట్లో పెట్టి పింఛను ఇచ్చే కాంట్రిబ్యూటరీ పెన్షన్ పథకం వల్ల ప్రభుత్వ ఉపాధ్యాయులకు అన్యాయం జరిగిందనే అపోహ ఆంధ్రప్రదేశ్‌లో ఇరవై ఏళ్లకు పైగా ప్రబలి ఉంది. 2004 సెప్టెంబరు 1న గాని, ఆ తరువాత గాని కొలువులో చేరినవారికి పాత పింఛను వర్తించదని నాటి ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం నిర్ణయించింది గనుక, ఏటా ఆ తేదీన ఉపాధ్యాయులు నల్ల బ్యాడ్జీలు పెట్టుకుని విద్రోహ దినం పాటిస్తారు. సరిగ్గా నాలుగు రోజులు తిరిగేసరికి, సెప్టెంబరు 5న, వారిలోనే కొందరిని ఎంపిక చేసి, వేదిక మీదకు పిలిచి, గురుబ్రహ్మ గురువిష్ణు అని శ్లోకం చదివి, శాలువా కప్పి పంపడం ప్రభుత్వానికి ఆనవాయితీ. సెన్సెక్స్ పడిపోయినా శాలువా పొట్టిదైపోదు. ముసలితనానికి పనికివచ్చే వస్తువు ఒకటైనా ప్రభుత్వ పూచీ మీద దక్కుతున్నందుకు సంతోషించడం మాని, వీరు పింఛను గురించి అడుగుతూనే ఉండడం విచారకరం.

పాత పింఛనులో ఒక పెద్ద లోపం ఉండేది: అందులో తెలియనిదంటూ ఏమీ లేదు. పూర్తి సర్వీసు చేసినవారికి చివరి జీతంలో సగం, ధరలు పెరిగితే దానిమీద కరువు భత్యం, వారి తదనంతరం కుటుంబ పింఛను. తాము ఇంకా బతికే ఉన్నామని ఏటా ఒకసారి ట్రెజరీకి ధ్రువపత్రం ఇచ్చుకోవడం తప్ప విశ్రాంత ఉపాధ్యాయులకు బుర్ర పెట్టవలసిన పని ఉండేది కాదు. విద్యారంగానికి ఇంత మానసిక జడత్వం తగదని గ్రహించిన పాలకులు, మూలవేతనం, కరువు భత్యం కలిపి అందులో 10 శాతం కోసి, తమ వాటాగా మరో 10 శాతం వేసి, ఆ సొమ్మును పన్నెండంకెల ప్రాన్ నంబరు (శాశ్వత పింఛను ఖాతా సంఖ్య) కింద ఫండ్ మేనేజర్లకు అప్పగించే ఏర్పాటు చేశారు. దానితో, ఎనిమిదో తరగతికి చక్రవడ్డీ చెప్పి ఊరుకునే లెక్కల మాస్టారు యాభై ఎనిమిదో ఏట బాండ్ల రాబడుల గురించి, ఈక్విటీల గురించి స్టాఫ్ రూములో చర్చించే స్థాయికి ఎదిగారు. నిరంతర విద్య అంటే ఇదే.

ఇక ఫలితం సంగతి. పథకం వచ్చాక ఆలస్యంగా కొలువులో చేరిన ఒక ఉపాధ్యాయుడి ఖాతాలో విరమణ నాటికి 12 లక్షలు పోగైందనుకుందాం. అందులో 60 శాతం వరకు చేతికి తీసుకోవచ్చు. అది కూతురి పెళ్లికో, ఇంటి అప్పుకో పోతుంది. మిగిలిన 40 శాతంతో, అంటే 4 లక్షల 80 వేలతో, బీమా సంస్థ దగ్గర ఆన్యుటీ, అంటే ఒకేసారి సొమ్ము కడితే నెలనెలా పింఛనులా తిరిగి ఇచ్చే పథకం, కొనుక్కోవాలి. ఏడాదికి 6 శాతం చొప్పున వేసుకున్నా నెలకు వచ్చేది 2,400 రూపాయలు. బియ్యం ధర పెరిగినా, మందుల ధర పెరిగినా ఆ అంకె సాధారణంగా కదలదు. ఇదే రాష్ట్రంలో వృద్ధులకు ఎన్టీఆర్ భరోసా కింద 2024 జూలై నుంచి నెలకు 4,000 ఇస్తున్నారు; ఆ నాలుగు వేలు ఎక్కువని బుద్ధి ఉన్నవాడెవడూ అనడు. నెలనెలా జీతంలోంచి కోయించుకున్న మనిషికి అంతకంటే తక్కువ రావడంలోనే పొదుపు మహిమ ఉన్నదని మాత్రం సవినయంగా మనవి చేస్తున్నాను.

ఈ మహిమ అందరికన్నా ముందు అర్థమైనది రాజకీయ పక్షాలకు. తాము అధికారంలోకి వస్తే వారంలోగా ఈ పథకాన్ని రద్దు చేస్తామని వై.ఎస్. జగన్మోహన్ రెడ్డి పాదయాత్రలో హామీ ఇచ్చి, 2019 మే 30న ముఖ్యమంత్రిగా ప్రమాణం చేశారు. బ్రహ్మదేవుడికి ఒక పగలంటే వెయ్యి మహాయుగాలని పురాణాలు చెబుతుండగా, ముఖ్యమంత్రికి ఒక వారమంటే ఏడు రోజులేనని ఉపాధ్యాయులు ఎలా అనుకున్నారో తెలియదు. ఈ పథకంపై అంతకుముందు ప్రభుత్వం వేసిన టక్కర్ కమిటీ నివేదిక ఉండగానే మంత్రుల బృందం ఏర్పడింది. సాంకేతిక అంశాలు తెలియక ఇచ్చిన హామీ అది అని 2021 డిసెంబరులో ప్రభుత్వ సలహాదారు ఒకరు వివరించారు. తెలియక చెప్పిన జవాబుకు పిల్లలకు సున్నా వేసే ఉపాధ్యాయులు ఆ వివరణను ఎంత ఉదారంగా దిద్దారో ఊహించుకోవచ్చు. 2022 ఏప్రిల్ 25న వారు ముఖ్యమంత్రి కార్యాలయానికి వెళదామని బయలుదేరబోతే, ఎండలు మెండుగా ఉన్నాయని కాబోలు, పోలీసులు ఇళ్ల దగ్గరే ఆపి నోటీసులు చేతికిచ్చారు. చివరకు 2023లో గ్యారంటీ పెన్షన్ చట్టం వచ్చింది. చివరి మూలవేతనంలో సగానికి ఆన్యుటీ ఎంత తక్కువ పడితే అంత ప్రభుత్వం కలుపుతుందట. ఆ మరుసటి ఏడాది ఎన్నికల్లో ప్రత్యర్థి కూటమి కాంట్రిబ్యూటరీ పథకాన్నీ ఈ గ్యారంటీ పథకాన్నీ సమీక్షించి ఆమోదయోగ్యమైన పరిష్కారం చూపుతామన్నది. ఎవరికి ఆమోదయోగ్యమో రాయకపోవడం ముందుచూపు. ఈలోగా కేంద్రం కూడా ఏకీకృత పింఛను అంటూ తన ఉద్యోగులకు 2025 ఏప్రిల్ 1 నుంచి మరో పథకం తెచ్చింది. పాతికేళ్ల సర్వీసు ఉంటే చివరి పన్నెండు నెలల సగటు మూలవేతనంలో సగం.

పింఛన్ల బరువుకు రాష్ట్రాల ఖజానాలు కుంగిపోతాయన్న ఆర్థికవేత్తల మాట కొట్టిపారేయదగినది కాదు. ఈ ఒక్క వాక్యం నేను వ్యంగ్యంగా రాయలేదు. అయితే అదే ఖజానా ప్రజాప్రతినిధుల ముందుకు వచ్చేసరికి దానికి ఏనుగు బలం ఎక్కడిదో వస్తుంది. పార్లమెంటులో ఎంత కొద్దికాలం కూర్చున్నా మాజీ సభ్యులకు నెలకు 31,000 రూపాయల పింఛను ఉంది. ఐదేళ్లు దాటితే ఆపై ప్రతి ఏడాదికీ మరో 2,500. దీనికి ప్రాన్ నంబరు అక్కరలేదు, నెలనెలా కోత లేదు, ఆన్యుటీ కొనే శ్రమా లేదు. పింఛను దయతో వేసే భిక్ష కాదని నకారా కేసులో 1982 డిసెంబరు 17న సుప్రీంకోర్టు చెప్పిన తీర్పును మన చట్టసభల వారు తమ విషయంలో ఎంత శ్రద్ధగా పాటిస్తున్నారో చూడండి. మార్కెట్ ఇచ్చే మధురఫలాలను తాము రుచి చూడకుండా పూర్తిగా గురువులకే వదిలిపెట్టిన ఆ త్యాగానికి ఇంతవరకు ఎవరూ శాలువా కప్పలేదు.

ఇక డీఎస్సీ 2003 వారి ముచ్చట వేరు. నోటిఫికేషన్ 2003లో వచ్చింది, నియామకాలు 2005లో జరిగాయి. నడుమ పోయిన కాలం ప్రభుత్వానిదే అయినా, పోయిన పింఛను మాత్రం అభ్యర్థులది. కొత్త పథకానికి ముందే ప్రకటన వెలువడిన పోస్టుల్లో చేరిన తన ఉద్యోగులు పాత పింఛనును ఎంచుకోవచ్చని కేంద్రం 2023 మార్చి 3న 57వ నంబరు మెమో ఇచ్చింది. నాటి నుంచి ఆ మెమో జిరాక్సు లేని ఉపాధ్యాయ సంఘం ఆఫీసు లేదు. రాష్ట్రం కూడా ఊరకే కూర్చోలేదు, వివరాలు అడిగింది. మాస్టార్లు సర్వీసు రిజిస్టర్లు తిరగేసి, నమూనా పత్రాలు నింపి, మండల విద్యాధికారి ద్వారా పంపారు. నలభై దాటాక కొలువులో చేరినవారికి ఈలోగా విరమణ వయసు దగ్గరపడింది. 62 ఏళ్లు నిండిన మనిషిని ఇంటికి పంపాలని నిబంధన ఉంది. ఫైలుకు అటువంటి వయోపరిమితి ఏదీ లేదు.