బాబాయి వీపున సంత

నేర్చుకునేవాళ్లకు ఎక్స్‌ప్రెషనిజమే, అంటే ఉన్నదున్నట్టు కాక మనసులోని ఆవేశం కొద్దీ వేసే చిత్రకళే, సులువని ప్రచారం చేసిన మహానుభావుడెవరో గానీ, దొరికితే ఆయన చేతికి కుంచె ఇచ్చి నా ఎదుట కూర్చోబెట్టాలి. ముఖం పచ్చగా ఉన్నా, గోడ పక్కకు ఒరిగినా అడిగేవాడుండడని ఆయన వాదన. ఆ ధీమాతోనే నా తొలి తైలవర్ణ చిత్రానికి నకలు దించడానికి ఆ తరహా సంత బొమ్మ ఒకదాన్ని ఎంచుకున్నాను. ఊదారంగు గాడిద, ఆకుపచ్చ ముఖాల ఆడవాళ్లు, మీద కూలబోతున్నట్టున్న అంగళ్లు. ఇక నేను కొత్తగా పాడుచేయడానికి అందులో ఏముంది?

అసలు చిక్కు అక్కడే ఉంది. 1905లో డ్రెస్డెన్‌లో 'బ్రూకె' బృందం పెట్టి ఈ ధోరణికి ఊపు తెచ్చిన కిర్ష్‌నర్, హెకెల్ తదితరులు నలుగురూ భవన నిర్మాణ శాస్త్రం చదువుతున్న కుర్రాళ్లు. గీతను తిన్నగా గీయడం వచ్చి, కావాలని వంకర తిప్పారు. నా గీతకు వంకర పుట్టుకతోనే వచ్చింది. అయినా నా వంకర వాళ్ల వంకరతో కలవదే! చిత్రకారుడు ఒక్క విసురులో లాగి వదిలేసిన గాడిద చెవిని నేను గళ్లు గీసుకుని, భూతద్దం పెట్టి, ఊపిరి బిగబట్టి ఒక పూటంతా దించాను. ఆవేశాన్ని ఇంత నిదానంగా వెళ్లగక్కినవాడు కళాచరిత్రలో మరొకడు ఉండడు.

ఇక ప్రష్యన్ బ్లూ. 18వ శతాబ్దం మొదట్లో బెర్లిన్‌లో ఎర్ర రంగు తయారు చేయబోతే పొరపాటున పుట్టిన నీలం ఇది. పుట్టుబుద్ధి ఎక్కడికి పోతుంది? ఆవగింజంత తీసి అంగడి పందిరికి అద్దితే, సాయంత్రానికి గాడిద, పండ్ల కుప్ప, నా మోచెయ్యి, లైటు స్విచ్చి అన్నీ నీలమే. పండ్లకు వేసిన నారింజ రంగు తడి ఆరకముందే ఆ నీలంతో కలిసిపోయి చక్కటి బురదగా తేలింది. నా శ్రీమతి చాలాసేపు చూసి, "వాన వెలిశాక సంతా?" అంది. ఔననేశాను.

తైలవర్ణం నీటిరంగులా తడి ఆవిరై ఆరదు. అందులోని అవిసె నూనె గాలిలోని ఆక్సిజన్‌ను పీల్చుకుని గట్టిపడాలి. అందుకే గాలి బాగా తగిలే కిటికీ పక్క కుర్చీలో కాన్వాస్‌ను ఆనించి పెట్టాను. కుర్చీలో కూర్చునేముందు వెనక్కి చూసుకోవడం మనిషి కనీస ధర్మం. మా బాబాయి తెల్లచొక్కా వేసుకుని, పేపరు ముఖానికి అడ్డం పెట్టుకుని వచ్చి, చదువుతూనే చేరబడ్డాడు.

"కొత్త దిండు వేయించారేమిటి? చల్లగా ఉంది" అన్నాడు.

లేవదీసి చూస్తే సంత మొత్తం కుడి ఎడమైపోయి చొక్కాకు దిగింది. నిజం చెప్పొద్దూ, నా కుంచెకు రాని తెగువ ఆయన వీపుకు వచ్చింది! పైపొర మాత్రమే అంటుకోవడంతో గాడిద చెవి తేలిగ్గా, ఒక్క విసురులో గీసినట్టే ఉంది.

"ఇలాగే కాసేపు నిలబడు బాబాయ్, ఫోటో తీస్తాను" అన్నాను. ఈలోగా శ్రీమతి గుడ్డకు టర్పెంటైన్ అద్ది తుడవబోయింది. నీలం ఇంకో జానెడు పాకింది.

"ఆ గుడ్డను ఉండచుట్టి మూల పడేయకు. అవిసె నూనె అంటిన గుడ్డలు వాటంతట అవే వేడెక్కి అంటుకుంటాయి. విడదీసి ఆరెయ్యి" అన్నాను, నాకున్న పరిజ్ఞానం కొద్దీ.

బాబాయి ఆ వయసులో చొక్కా అంత వేగంగా విప్పగలడని నేను అనుకోలేదు. బనీనుతో కుర్చీకి ఆమడ దూరాన నిలబడి, కాస్త స్థిమితపడ్డాక అడిగాడు:

"ఎప్పటికి ఆరుతుందిరా ఇది?"

"పైకి ఆరడానికి వారం పది రోజులు పడుతుంది. లోపలి దాకా గట్టిపడి వార్నిష్ వేయాలంటే ఆరు నెలలు ఆగమంటారు."

"నేనడిగేది చొక్కా సంగతిరా!"

"నేను చెబుతున్నదీ అదే బాబాయ్."