గ్యాస్ ఒక్కటే కారణం కాదు

ఫ్రిజ్ కింది అర చల్లబడకపోతే లోపల చల్లబరిచే గ్యాస్ అయిపోయినట్టేనని ఫ్రిజ్ గురించిన ఒక వ్యాసంలో రాశారు. అన్నిసార్లూ కాదండి. మొన్న ఎండాకాలంలో హన్మకొండలో మా ఇంట్లో ఇదే బాధ. పాలు విరిగిపోతున్నాయి, పైన ఐస్ మాత్రం గడ్డకడుతోంది. వచ్చిన మెకానిక్ తలుపైనా తీయకుండానే "గ్యాస్ మొత్తం పోయింది" అన్నాడు. మొత్తం పోతే ఐస్ ఎట్లా కడుతుంది? మాది ఫ్రాస్ట్ ఫ్రీ, అంటే మంచు దానంతటదే కరిగిపోయే రకం. ఫ్రీజర్ వెనక మంచు పేరుకుని చల్లగాలి కిందికి దిగే దారి మూసుకుపోయింది. స్విచ్ తీసేసి, తలుపులు తెరిచి, కింద పాత లుంగీ పరిచి రాత్రంతా వదిలేశాం. తెల్లారేసరికి లుంగీ తడిసి ముద్దయింది, ఫ్రిజ్ బాగైంది. పదిహేను రోజులకు మళ్లీ అదే కథ! ఇంకో మెకానిక్ మీటర్ పెట్టి చూస్తే ఆ మంచును కరిగించే డీఫ్రాస్ట్ హీటర్ కాలిపోయిందని తేలింది. అది మార్చాక ఏ టెన్షనూ లేదు. మంచును కత్తితో మాత్రం గీకకండి, గ్యాస్ తిరిగే పైపుకు చిల్లు పడితే అప్పుడు నిజంగానే గ్యాస్ పోతుంది.