ఒక్క కమాండ్‌తో నోడ్... భద్రత ఎవరి పూచీ?

సర్వర్ మీద బ్లాక్‌చెయిన్ నోడ్ (ఆ నెట్‌వర్క్ లావాదేవీల చిట్టాను దాచుకుని సరిచూసే ప్రోగ్రాము) నిలబెట్టడమంటే క్లయింట్ సాఫ్ట్‌వేర్ దించుకోవడం, దాని డిజిటల్ సంతకం సరిచూడటం, ప్రత్యేక యూజర్‌ను సృష్టించడం, ఫైర్‌వాల్ నియమాలు రాయడం వంటి పనులు వరుసగా చేయడమే. ఆ వరుసనంతా ఒకే కమాండ్‌లోకి కుదించిన షెల్ స్క్రిప్టులు, యాన్సిబుల్ ప్లేబుక్‌లు, డాకర్ కంపోజ్ ఫైళ్లు (ప్రోగ్రాములను కంటైనర్లనే విడి పెట్టెల్లో నడిపే డాకర్‌కు ఇచ్చే సూచనలు) ఇప్పుడు కావలసినన్ని దొరుకుతున్నాయి. వాటిని వాడటమే తప్పని అనలేం. చేతితో చేసే పనిలోనూ పొరపాట్లకు కొదవ ఉండదు. అయితే స్క్రిప్టు రాసేవారి దృష్టి సాధారణంగా నోడ్ ఎలాగైనా నడవాలన్న దాని మీదే ఉంటుంది. అది భద్రంగా నడవడానికి తీసుకోవలసిన నిర్ణయాలు మన ప్రమేయం లేకుండానే జరిగిపోతాయి, పైగా అదే స్క్రిప్టు నడిచిన ప్రతి సర్వర్‌లోనూ అవే నిర్ణయాలు, అవే లోపాలు పునరావృతమవుతాయి.

ఆర్‌పీసీ పోర్టు సంగతే చూద్దాం. ఇథీరియం నోడ్‌తో ఇతర ప్రోగ్రాములు సంభాషించే 8545 పోర్టు ఆ సర్వర్ లోపలికే పరిమితమై ఉండాలి. వాలెట్ కలవడం లేదన్న ఫిర్యాదు రాకుండా స్క్రిప్టు రచయిత దాన్ని 0.0.0.0కు, అంటే సర్వర్‌కున్న అన్ని నెట్‌వర్క్ చిరునామాలకూ కట్టబెడితే నోడ్ బ్రహ్మాండంగా పనిచేస్తుంది, లోకమంతటికీ పనిచేస్తుంది. ఇలా తెరిచి ఉన్న నోడ్‌ల నుంచి రెండు కోట్ల డాలర్లకు పైగా విలువైన ఈథర్ (ఇథీరియం కరెన్సీ) చోరీ అయినట్లు 2018 జూన్‌లో చైనాకు చెందిన కీహూ 360 సంస్థ పరిశోధకులు వెల్లడించారు. ఆ దొంగతనానికి సాఫ్ట్‌వేర్‌లో లోపమేదీ అవసరం కాలేదు. బయటికి కనిపించే పోర్టు, అన్‌లాక్ చేసి వదిలేసిన ఖాతా ఉంటే చాలు. ఆ తర్వాత గెత్ అనే ఇథీరియం క్లయింట్, హెచ్‌టీటీపీ ద్వారా ఆర్‌పీసీ తెరిచి ఉన్నప్పుడు ఖాతాను అన్‌లాక్ చేయడానికి నిరాకరించడం మొదలుపెట్టింది. అయితే ఆ నిరాకరణను తోసిపుచ్చే ఆప్షన్‌ను కూడా ఇచ్చింది. స్వయంగా టైప్ చేసే మనిషి అక్కడ ఒక్క క్షణమైనా ఆలోచిస్తాడు. స్క్రిప్టు మధ్యలో ఎక్కడో ఉన్న వరుసను ఎవరు చదువుతారు?

ఫైర్‌వాల్ ఉంది కదా అనుకోవడానికీ వీల్లేదు. ఉబుంటులో యూఎఫ్‌డబ్ల్యూ అనే ఫైర్‌వాల్ సాధనాన్ని ఆన్ చేసి, బయటి నుంచి వచ్చే కనెక్షన్లన్నిటినీ నిరాకరించమని స్క్రిప్టు ఆదేశిస్తుంది. స్టేటస్ అడిగితే అంతా మూసి ఉన్నట్లే కనిపిస్తుంది. కానీ డాకర్ తాను ప్రచురించే పోర్టుల కోసం లినక్స్ అంతర్గత ఫైర్‌వాల్ అయిన ఐపీటేబుల్స్‌లో నేరుగా నియమాలు రాసుకుంటుంది గనుక ఆ కనెక్షన్లు యూఎఫ్‌డబ్ల్యూ నియమాల దాకా రానే రావు. కంపోజ్ ఫైలులో 8545:8545 అని ఉంటే పోర్టు బయటికి తెరిచి ఉన్నట్లే, 127.0.0.1:8545:8545 అని ఉంటేనే మూసి ఉన్నట్లు. తేడా ఒక్క చిరునామా. బయటి యంత్రం నుంచి పోర్టులను స్కాన్ చేసి చూస్తే తప్ప ఈ తెరిచి ఉన్న తలుపు కంటపడదు, ఆటోమేషన్ పూర్తయ్యాక ఆ పని చేసేవారు అరుదు.

స్క్రిప్టు రచయిత నిజాయతీపరుడే కావచ్చు, కానీ ఆయన స్క్రిప్టు మన దాకా వచ్చేలోపు మారిపోలేదన్న హామీ ఏది? 2021 జనవరి చివర, సాఫ్ట్‌వేర్ పరీక్షల సాధనాలిచ్చే కోడ్‌కవ్ సంస్థ బాష్ స్క్రిప్టును దుండగులు మార్చేశారు. దాన్ని నడిపిన యంత్రాల ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్ (పాస్‌వర్డులు, కీల వంటివి తరచూ ఉండే సెట్టింగులు) దాదాపు రెండు నెలల పాటు బయటి సర్వర్‌కు చేరాయి. ఒక వినియోగదారుడు స్క్రిప్టు హ్యాష్‌ను (ఫైలు మారితే మారిపోయే దాని వేలిముద్రను) ప్రకటిత హ్యాష్‌తో పోల్చి చూడటం వల్లనే ఏప్రిల్ 1న సంగతి బయటపడింది. స్క్రిప్టును కర్ల్ కమాండ్‌తో నెట్ నుంచి తెచ్చి నేరుగా బాష్‌కు అందించే పద్ధతిలో ఆ పోలికకే చోటు లేదు. బైనరీని (నడపడానికి సిద్ధమైన ప్రోగ్రాము ఫైలును), దాని చెక్‌సమ్‌ను, అంటే హ్యాష్‌ను ఒకే వెబ్‌సైట్ నుంచి దించి సరిచూసే స్క్రిప్టులు కూడా ఇంతకంటే పెద్దగా మెరుగు కావు; సైట్‌లోకి చొరబడినవాడు రెండింటినీ మార్చగలడు. బిట్‌కాయిన్ కోర్ విడుదలల చెక్‌సమ్ ఫైలుపై పలువురు డెవలపర్లు వేర్వేరుగా సంతకం చేసేది ఇందుకే. ఆ సంతకాలను స్క్రిప్టు పరీక్షించకపోతే వాటి వల్ల మనకు ఒరిగేదేమీ లేదు. డాకర్ ఇమేజ్‌ను (కంటైనర్‌గా నడిచే ప్రోగ్రాము ప్యాకేజీని) 'లేటెస్ట్' ట్యాగ్‌తో వాడటం కూడా ఇలాంటిదే. ట్యాగ్‌ను రేపు వేరే ఇమేజ్‌కు మళ్లించవచ్చు, ఆ ఇమేజ్ హ్యాష్ అయిన ఎస్‌హెచ్‌ఏ256 డైజెస్ట్‌ను మళ్లించలేరు.

రహస్యాల విషయంలో ఆటోమేషన్ మరీ ఉదారంగా ఉంటుంది. పాస్‌వర్డ్ రాసుకున్న ఎన్వ్ ఫైలు (సెట్టింగుల ఫైలు) సాధారణ అనుమతులతో తయారైతే ఆ సర్వర్‌లోని ఏ యూజరైనా చదవగలడు. కమాండ్‌కు ఆర్గ్యుమెంట్‌గా ఇచ్చిన పాస్‌వర్డ్ ప్రాసెస్‌ల జాబితాలో కనిపిస్తుంది. సర్వర్లను సృష్టించే టెర్రాఫామ్ సాధనం ద్వారా వెళ్లిన రహస్యం, అది తన లెక్కలు రాసుకునే స్టేట్ ఫైలులో మామూలు పాఠంగా మిగిలిపోయే అవకాశం ఎక్కువ.

అందుకే నోడ్‌ను, సంతకాలు చేసే రహస్య కీని వేర్వేరుగా చూడాలన్నది నా వాదన. చెయిన్ డేటా పోతే మళ్లీ సింక్ చేసుకోవచ్చు, సర్వర్ పాడైతే పది నిమిషాల్లో మరొకటి లేపవచ్చు. కాబట్టి ఆ భాగాన్ని ఎంత ఆటోమేట్ చేసినా నష్టం లేదు. వాలిడేటర్ (ఈథర్ డిపాజిట్ చేసి బ్లాక్‌లను ధ్రువీకరించే భాగస్వామి) కీ అలా కాదు. ఒకే కీతో రెండు యంత్రాలు సంతకాలు చేయడం మొదలుపెడితే ఇథీరియంలో స్లాషింగ్ (డిపాజిట్‌లో కోత, నెట్‌వర్క్ నుంచి బహిష్కరణ) ముప్పు తప్పదు. 2021 ఫిబ్రవరిలో ఒకే సంస్థ నిర్వహణలోని 75 వాలిడేటర్లు ఒకేసారి స్లాషింగ్‌కు గురయ్యాయి. దాడి ఏదీ జరగలేదు. నిర్వహణలోని సాంకేతిక పొరపాటే కారణం. మొదటి సర్వర్ స్పందించడం లేదని రెండోదాన్ని దానంతటదే లేపే ఏర్పాటు సరిగ్గా ఈ ప్రమాదాన్నే తెచ్చిపెడుతుంది, ఎందుకంటే స్పందించకపోవడం వేరు, ఆగిపోవడం వేరు. అదే కీ మరెక్కడైనా పనిచేస్తోందేమోనని కొన్ని ఎపోక్‌లు (ఒక్కోటి 6.4 నిమిషాల కాలావధి) వేచి చూసే డాపుల్‌గ్యాంగర్ రక్షణ పలు క్లయింట్లలో ఉంది; కొన్నింటిలో దాన్ని మనమే ఆన్ చేయాలి. వాలిడేటర్ కొన్ని గంటలు ఆగితే పోయేది ఆ కాలానికి రావలసిన ప్రతిఫలం, దాదాపు అంతే జరిమానా. స్లాషింగ్ అయితే నెట్‌వర్క్ నుంచే గెంటేస్తుంది. కనుక రెండో సర్వర్‌పై కీని ఎక్కించే పనిని స్క్రిప్టు నుంచి తీసేసి, మొదటి సర్వర్‌ను నిజంగా ఆపేశామని నిర్ధారించుకున్న మనిషికే అప్పగించాలి.