పిల్లిని కాపాడితే అడవి మిగులుతుందా: రమణయ్య మామకీ శ్రావణికీ జరిగిన వాదన

మా బుచ్చిరెడ్డిపాళెం పక్క చేలల్లో మొన్న వరికోత మిషన్ తిరుగుతుంటే గట్టు పక్కన గడ్డిలో రెండు అడవిపిల్లి కూనలు కనబడ్డాయి. డ్రైవర్ చూసి ఆపాడు కాబట్టి బతికాయి. వాటి మీద మొదలైన మాట అమెజాన్ దాకా పోయింది, ఎందుకంటే ఆ రోజు మా ఇంట్లో ఉన్న జనం అట్టాంటి వాళ్ళు. రమణయ్య మామ ఫారెస్ట్ డిపార్ట్‌మెంట్‌లో రిటైరయ్యాడు, సర్వీసంతా దాదాపు పడమటి ప్రకాశం వైపు, దోర్నాల, యర్రగొండపాలెం అడవుల్లోనే గడిచింది. ఆయన మేనకోడలు శ్రావణి పెరూలో, అమెజాన్ వర్షారణ్యంలో, తల్లి పోయిన ఆసిలాట్ (అక్కడి మచ్చల అడవిపిల్లి) కూనల్ని పెంచి మళ్ళీ అడవిలో వదిలే చోట పని చేస్తుంది. సెలవుకి వచ్చింది. నేను టీలు అందిస్తూ విన్నాను, గుర్తున్నంత వరకు రాస్తున్నా. మామ తిట్లు కొన్ని తీసేశాను.

రమణయ్య: దొరికిన చోటే గంపలో పెట్టి అందరూ దూరం జరగండయ్యా అన్నాను, అంతే కదా. నువ్వేమో ఉరుక్కుంటా వచ్చి చేతిలోకి తీసుకున్నావు. మిషన్ చప్పుడుకి తల్లి పక్క చేలో నక్కి ఉంటుంది పాపా, ఎక్కడికీ పోదు. మనం పోతే అది వస్తుంది.

శ్రావణి: పాలు పట్టలేదు, ఇంటికి తేలేదు మామా. చర్మం లాగి చూశాను, ఒంట్లో నీళ్ళు తగ్గాయేమో అని. బాగున్నాయి, నేనే గంపలో పెట్టాను. ఇందులో మనకి తగాదా ఏముంది? మహారాష్ట్రలో జున్నర్ వైపు చెరకు కోతల్లో చిరుత కూనలు దొరికితే కూడా ఇదే చేస్తారు. సాయంత్రం అదే చోట పెట్టెలో పెట్టి, కెమెరా బిగించి వెళ్ళిపోతే రాత్రికి తల్లి వచ్చి నోట కరుచుకుని పోతుంది. కానీ తల్లి అనేది ఉండాలి కదా. మా దగ్గరికి వచ్చే కూనల తల్లుల్ని అప్పటికే ఎవరో కాల్చేసి ఉంటారు. కలప కొట్టేవాళ్ళో, బంగారం తవ్వేవాళ్ళో. కూన ముద్దుగా ఉంటుంది కాబట్టి దాన్ని అమ్ముకుంటారు. కొన్నవాళ్ళు కొన్నాళ్ళు ఒళ్ళో పెట్టుకుంటారు, అది గోళ్ళు దించడం మొదలుపెట్టాక గొలుసు వేస్తారు.

రమణయ్య: సరే, దాన్ని తెచ్చుకున్నారు. ఎన్నాళ్ళు పెంచుతారు?

శ్రావణి: ఏడాదిన్నర, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. ఆసిలాట్ తల్లి అడవిలో కూడా పిల్లని రెండేళ్ళ దాకా తన తావులో తిరగనిస్తుంది మామా, అంత నేర్చుకోవాల్సి ఉంటుంది. మొదట పాలు, తర్వాత చచ్చిన ఎలక, తర్వాత బతికున్న ఎలక. తర్వాత రాత్రిపూట మాలో ఒకరు దాని వెనక అడవిలో నడవాలి. దారి మేం చూపించం, అది ఎటు పోతే అటు పోవాలి, మాట్లాడకూడదు, పిలవకూడదు. వానలో, దోమల్లో, ఒక్కోసారి అది ఒకే దుంగ దగ్గర గంటసేపు కూర్చుంటుంది. మనమూ కూర్చోవాలి. ఒక రాత్రి అది నీళ్ళలో కాలు పెట్టి పీతని లాగింది, దాన్ని అటు తిప్పి ఇటు తిప్పి, డెక్కలు ముందు కొరికి పారేసి తర్వాత తినింది. ఎవరూ నేర్పలేదు. కోడి మాంసం మాత్రం అసలు అలవాటు చెయ్యం, రేపు ఎవరి కోళ్ళగూడు మీదో పడుతుందని.

రమణయ్య: వినడానికి బాగుంది. ఇప్పుడు నాది విను. ఒక్క పిల్లి వెనక ఒక మనిషి ఏడాదిన్నర నడిచాడు. మా దోర్నాల రేంజిలో ఒక బేస్ క్యాంపులో అయిదుగురు ఉంటారు, చెంచులే ఎక్కువ. ఆ అయిదుగురూ ఏడాదిన్నర నడిస్తే ఎన్ని ఉచ్చులు ఏరతారో తెలుసా? బైకు క్లచ్ వైరు తీసుకుంటారు, ఒక కొస ముడేసి ఉచ్చు చేస్తారు, రెండో కొస చెట్టు మొదలుకి కడతారు. జంతువు నడిచే దారిలో, రెండు పొదల మధ్య సందులో, మోకాలెత్తున. పందికో కుందేలుకో పెట్టింది అది, కానీ వైరుకి ఏం తెలుసు ఎవరు వస్తున్నారో. చిరుత నడుముకి పడితే అది గింజుకునే కొద్దీ వైరు లోపలికి దిగుతుంది. నేను చూశాను, చెట్టు చుట్టూ నేల గుండ్రంగా దున్నినట్టు ఉండింది. ఒక్క వైరు ఏరితే ఎన్ని ప్రాణాలు మిగిలాయో ఎవరికీ తెలియదు, దానికి ఫోటో ఉండదు, పేరు ఉండదు. నీ పిల్లికి పేరుంటుంది, వీడియో ఉంటుంది, దానికి డబ్బులొస్తాయి. ఇదీ నా కోపం.

(ఇక్కడ నేను మామ వైపే. శ్రావణి కూడా కొంచెం సేపు ఏమీ అనలేదు. కానీ తర్వాత ఆమె చెప్పింది కూడా తీసిపారేసే మాట కాదు.)

శ్రావణి: ఆ డబ్బుతో ఏం చేస్తామో కూడా అడగండి. పెరూలో మాద్రే దె దియోస్ అని ఒక ప్రాంతం, మేముండేది అక్కడే. బ్రెజిల్ నుంచి పసిఫిక్ తీరం దాకా పెద్ద రోడ్డు వేశారు, ఆ రోడ్డు పట్టుకుని జనం అడవిలోకి దిగారు. బంగారం కోసం నది ఒడ్డంతా తవ్వి, పాదరసం కలిపి, కాల్చి బంగారం తీస్తారు. పైనుంచి చూస్తే అడవి మధ్యలో పసుప్పచ్చ గుంటలు. 2019లో ప్రభుత్వం లా పంపా అనే చోటికి పోలీసుల్ని, మిలటరీని దింపి తవ్వేవాళ్ళని ఖాళీ చేయించాల్సి వచ్చింది, అంత పెరిగిపోయింది. అక్కడ అడవి ప్రభుత్వానిది, కానీ ఒక ముక్కని 40 ఏళ్ళ దాకా కన్సెషన్ కింద ఇస్తారు, కలపకి, బ్రెజిల్ నట్‌కి, లేదా ఊరికే కాపాడటానికి. పిల్లిని వదలాలంటే వదిలే అడవి ఒకటి మన చేతిలో ఉండాలి కదా మామా? అందుకని కలప కొట్టడానికి పోవాల్సిన ముక్క తీసుకుంటాం. దాని హద్దులు నడవడానికి అదే ఊరి వాళ్ళని, ఒకప్పుడు రంపం పట్టిన వాళ్ళనే పెట్టుకుంటాం. పిల్లి పేరు చెప్పి వచ్చిన డబ్బే అది. ఆ అడవిలో మా పిల్లి ఒక్కటే ఉండదు.

రమణయ్య: అంటే పిల్లి బోర్డు మీద బొమ్మ, అసలు షాపు అడవి అంటావు.

శ్రావణి: బొమ్మ కాదు, అది కూడా సరుకే. బ్రెజిల్ నట్ చెట్టు సంగతి వినండి. దాని కాయ కొబ్బరి బోండాం అంత గట్టిగా ఉంటుంది. దాన్ని కొరికి గింజ తీయగలిగిన పళ్ళు అగూటికి ఉన్నాయి, పెద్ద ఎలక జాతి అది. కొన్ని తింటుంది, కొన్ని పాతిపెట్టి మర్చిపోతుంది, అవే మొలుస్తాయి. ఆ అగూటిని తినేది ఆసిలాట్, చిరుతలాంటి జాగ్వార్. అవి లేకపోతే కింద లెక్కంతా మారిపోతుంది. అందులో ఏది తీసేయొచ్చో మీరు చెప్పండి.

రమణయ్య: ఏదీ తీసేయొద్దు. అడవిలో పుట్టినవి వాటి పిల్లల్ని అవే పెంచుకుంటాయి, మనం పెంచిన దాంతో పని ఏముందని నా ప్రశ్న. మనిషి చేతిలో పెరిగిన దానికి మనిషంటే భయం ఉండదు. నీ ఆసిలాట్ పది పన్నెండు కిలోలు, ఊళ్ళోకొస్తే కోడి పోతుంది. మా దగ్గర అది పులి. ఒడిశాలో సత్కోసియా పులుల అడవికి 2018లో మధ్యప్రదేశ్ నుంచి ఒక మగ పులిని, ఒక ఆడ పులిని తెచ్చి వదిలారు. పెంచినవి కూడా కాదు, అడవివే. ఆడపులి మనుషుల్ని చంపిందని ఊళ్ళు రోడ్డెక్కాయి. దాన్ని పట్టి బోనులో పెట్టి 2021లో వెనక్కి పంపారు. మగది ఉచ్చు గాయంతో చచ్చిపోయింది. చూశావా, మళ్ళీ వైరే.

శ్రావణి: మధ్యప్రదేశ్‌లోనే పన్నా పులుల అడవి సంగతి కూడా చెప్పండి మరి. 2009 నాటికి అక్కడ ఒక్క పులి లేదు. అదే రాష్ట్రంలోని కన్హా అడవిలో తల్లి లేకుండా ఎన్‌క్లోజర్‌లో పెరిగిన రెండు ఆడపులుల్ని 2011లో తెచ్చి వదిలారు. వేటాడవు, బతకవు అన్నారు. వేటాడాయి, పిల్లల్ని కూడా పెట్టాయి. బ్రెజిల్ పంటనాల్‌లో 2014లో తల్లి పోయిన రెండు జాగ్వార్ అక్కచెల్లెళ్ళని పెంచి 2016లో వదిలితే వాటికీ పిల్లలు పుట్టాయి. మనుషులకి దూరంగా పెంచితే అవుతుంది మామా. సత్కోసియాలో తప్పు పులిది కాదు, ఊళ్ళతో మాట్లాడకుండా దించినవాళ్ళది.

రమణయ్య: అదే నేను చెప్పేది! ఊళ్ళతో మాట్లాడటం అనేది ఎవరూ చెయ్యరు. పట్టడం, తేవడం, వదలడం, ఇవి పేపర్లో పడతాయి. జున్నర్ పేరు నువ్వే ఎత్తావు, దాని రెండో సగం చెప్పనా? 2001 నుంచి అక్కడ చిరుతల్ని పట్టి దూరం అడవుల్లో వదిలారు, ఊళ్ళు బాగుపడతాయని. మనుషుల మీద దాడులు పెరిగాయి. ఆ లెక్కలన్నీ తీసి చిరుతల మీద పరిశోధన చేసే విద్యా ఆత్రేయ రాసింది, మా డిపార్ట్‌మెంట్ వాళ్ళందరూ చదవాల్సింది. తెలియని చోట దించితే అది గాభరాగా తిరుగుతుంది, తన ఊరికి నడిచి పోవాలని చూస్తుంది. 2023 ఆగస్టులో అలిపిరి నడకదారిలో మన నెల్లూరు జిల్లా పాపని చిరుత ఎత్తుకుపోయింది కదా. ఆ తర్వాత బోన్లు పెట్టి చిరుతల్ని పట్టారు. పట్టడం తేలికే, ఎక్కడ వదలాలనే ప్రశ్నకి మాత్రం ఏ ఊరైనా పక్క ఊరి పేరే చెబుతుంది.

శ్రావణి: ఒప్పుకుంటున్నా, పట్టిన చిరుతని ఇంకోచోట పడేయడం వేరు, కూనని పెంచి వదలడం వేరు. మీరు రెంటినీ ఒకే గంపలో వేస్తున్నారు. సూటిగా అడుగుతాను. ఆ ఏడాదే మార్చిలో నంద్యాల జిల్లా పెద్ద గుమ్మడాపురంలో నాలుగు పులి కూనలు దొరికాయి. తల్లి కోసం రోజుల తరబడి వెతికారు, కలపలేకపోయారు, తిరుపతి జూకి పంపారు. మీ నల్లమల పులి కూనలే అవి. దేశంలోకెల్లా పెద్ద టైగర్ రిజర్వు, 3,700 చదరపు కిలోమీటర్లకు పైన. అంత అడవి పెట్టుకుని అట్టాంటి కూనల్ని బోనులోనే ముసలివి కానీయమంటారా?

(మామ టీ గ్లాసు కింద పెట్టాడు. ఆయన సర్వీసులో పులులు తక్కువగా ఉన్న రోజులు కూడా చూసినవాడు.)

రమణయ్య: కానీయమనను. కానీ వదిలే ముందు మూడు పనులు కావాలి. ఆ బీట్లలో వైర్లు ఏరాలి, అడవి అంచున పందులకని పొలాల చుట్టూ కరెంటు తీగ లాగేవాళ్ళతో కూర్చుని దానికి వేరే దారి చూపించాలి. రెండోది, ఆవో మేకో పోతే డబ్బు ఎన్నాళ్ళకి వస్తుందో ముందే చెప్పాలి, చెప్పిన రోజుకి ఇవ్వాలి. మూడోది, అక్కడి చెంచులని అడగాలి, చెప్పడం కాదు, అడగడం. పులి ఎక్కడ నీళ్ళు తాగుతుందో, ఏ వాగు దాటదో మనకంటే వాళ్ళకి తెలుసు.

శ్రావణి: ఇవన్నీ అయ్యేసరికి పులికి పళ్ళు అరిగిపోతాయి మామా.

రమణయ్య: అందుకే కూన దొరక్కముందే మొదలుపెట్టాలంటున్నా.

శ్రావణి: కూన దొరక్కముందు దానికి డబ్బెవరిస్తారు? వైరు ఏరేవాడి ఫోటోకి ఎవరూ ఇవ్వరని ఇందాక మీరే అన్నారు.

రమణయ్య: (కొంచెం ఆగి) అయితే పిల్లి ఫోటోనే పెట్టుకో. వచ్చిన దాంట్లో సగం వైర్లు ఏరేవాళ్ళకి ఇవ్వు.

శ్రావణి: సగమా! మరి ఆ పిల్లికి తిండెవరు పెడతారు?

రమణయ్య: మూడో వంతు. అంతకి తగ్గేది లేదు.

శ్రావణి: పాతిక శాతం, పైగా మీరు ఒకసారి మా దగ్గరికొచ్చి మా వాళ్ళకి ఉచ్చులు వెతకడం నేర్పాలి.

రమణయ్య: ఆ దేశంలో ఇడ్లీ దొరుకుతుందా?