మాట్లాడినవారి పేర్లు బోర్డు మీద ఎందుకు?

తెలుగునాట బడికి వెళ్లిన చాలామందికి క్లాస్ లీడర్ బాగా గుర్తుంటాడు. టీచర్ గది దాటగానే అతడు సుద్దముక్క అందుకుని మాట్లాడినవారి పేర్లు బోర్డు మీద రాస్తాడు. మళ్లీ మాట్లాడితే పేరు పక్కన ఇంటూ గుర్తు పెడతాడు. ఆ పేరు చెరిపించుకోవడానికి రబ్బరో, బలపమో ఇచ్చుకునే పిల్లలూ ఉంటారు. క్రమశిక్షణ కోసమని పెట్టిన ఈ పద్ధతి, ఒకరికొకరు అండగా ఉండవలసిన పిల్లలకు ఒకరి మీద ఒకరు చాడీలు చెప్పడం అలవాటు చేస్తోంది. శారీరక దండననే కాక మానసిక వేధింపును కూడా విద్యాహక్కు చట్టంలోని 17వ సెక్షన్ నిషేధించింది. నలుగురి ముందు పేరెక్కి, టీచర్ వచ్చేదాకా బిక్కుబిక్కుమంటూ కూర్చునే ఏడేళ్ల పిల్లవాడు పడేది వేధింపు కాదని ఎలా అనగలం?

టీచర్లనే తప్పుపట్టడం మాత్రం న్యాయం కాదు. అరవై మందిలోపు పిల్లలున్న ప్రాథమిక పాఠశాలకు ఇద్దరు ఉపాధ్యాయులు ఉండాలని 2009 నాటి అదే చట్టం చెబుతున్నా, ఒక్కరే ఐదు తరగతులనూ నెట్టుకొస్తున్న బడులు రెండు రాష్ట్రాల్లోనూ ఉన్నాయి. నాలుగో తరగతికి భాగహారం చెబుతున్నంతసేపు ఒకటో తరగతిని ఎవరో ఒకరు కనిపెట్టుకుని ఉండాలి. ఆ పనిని కాపలాగా కాక సాయంగా మలచవచ్చు. ఐదో తరగతి పిల్లలు చిన్నవాళ్ల పక్కన కూర్చుని అక్షరాలు దిద్దించవచ్చు. హాజరు పిలవడం, పుస్తకాలు పంచడం వంటి పనులు వారం వారం చేతులు మారితే, ఎన్నడూ నోరు విప్పని పిల్లకూ వంతు వస్తుంది.

మధ్యాహ్న భోజనం వేళ మరింత శ్రద్ధ అవసరం. వండిన భోజనం పెట్టాలని 2001లో సుప్రీంకోర్టు ఆదేశించింది కానీ, ఎవరు ఎవరి పక్కన కూర్చోవాలో ఏ ఆదేశమూ నిర్ణయించలేదు. వదిలేస్తే పిల్లలు ఊళ్లోని వాడల ప్రకారమే కూర్చుంటారు. టీచర్ వరుసలు కలిపి, తానూ అక్కడే కంచం పట్టుకుని కూర్చోవాలి.

కర్నూలు జిల్లా పశ్చిమ మండలాల నుంచి ఏటా మిరప కోతలకు గుంటూరు వైపు వలసపోయే కుటుంబాల పిల్లలది ఇంకో కష్టం. వారాల తరబడి బడికి దూరమై తిరిగొచ్చేసరికి వారి చోటులో మరొకరు కూర్చుని ఉంటారు. ఇన్నాళ్లూ ఏమైపోయావని నిలదీయడం మాని, వెళ్లొచ్చిన ఊరి సంగతులు తరగతికి చెప్పించి, తప్పిన పాఠాలు అందించే బాధ్యతను ఆ రోజే ఇద్దరు తోటి పిల్లలకు అప్పగించాలి.